స్విచ్‌లో టీఎఫ్‌టీపీని ఆపితే ఏది ఆగుతుంది, ఏది ఆగదు?

హెచ్‌పీ ప్రోకర్వ్ తరహా స్విచ్‌లో కాన్ఫిగ్ మోడ్‌లోకి వెళ్లి ‘ఐపీ ఎస్‌ఎస్‌హెచ్ ఫైల్‌ట్రాన్స్‌ఫర్’ అని ఒక్క వరుస టైపు చేసి ఎంటర్ నొక్కితే, టీఎఫ్‌టీపీ అనే పాత, పాస్‌వర్డ్ అడగని ఫైలు బదిలీ సేవనూ ఆటో-టీఎఫ్‌టీపీనీ ఆపివేసినట్టు స్విచ్ అంతే పొడవున్న జవాబు ఇస్తుంది. మనం అడిగింది ఎస్‌ఎస్‌హెచ్ అనే గుప్తీకరించిన దారిలో ఫైళ్లు పంపే ఒక సేవను మొదలుపెట్టమని. స్విచ్ ఆ పని చేస్తూనే మరో రెండింటిని ఆపింది. ఆ జవాబు చదవకుండా టెర్మినల్ మూసేసినవారికి ఈ సంగతి రాత్రి బ్యాకప్ స్క్రిప్టు విఫలమైనప్పుడు గానీ తెలియదు. అప్పుడు మొదలవుతాయి సందేహాలు. ఆగింది స్విచ్‌లోని క్లయింటా, సర్వరా? ఇదే కమాండు ముందు ‘నో’ చేర్చి కొడితే పాత స్థితి తిరిగి వస్తుందా? అసలు స్విచ్‌లో ఫైలు బదిలీ సేవలు ఎన్ని ఉన్నాయి?

ఈ ప్రశ్నలు కేవలం నెట్‌వర్క్ గదికి పరిమితమైనవి కావు. 2025 ఆగస్టు 20న అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ ఒక హెచ్చరిక విడుదల చేసింది. రష్యా గూఢచార సంస్థ ఎఫ్‌ఎస్‌బీకి చెందిన బృందం ఒకటి సిస్కో కంపెనీ నెట్‌వర్క్ పరికరాల్లో 2018లోనే బయటపడిన లోపాన్ని వాడుకుని, వేల పరికరాల కాన్ఫిగరేషన్ (సెట్టింగుల) ఫైళ్లను సేకరించిందని అందులో చెప్పింది. ఏడేళ్ల కిందటి లోపం ఇంకా పనిచేయడానికి కారణం, అవసరం తీరిపోయిన ఒక సేవను ఎవరూ ఆపకపోవడం, దిద్దుబాటు వేయకపోవడం.

స్విచ్‌లో ఉండే ఫైళ్లు ఏమిటి

స్విచ్‌ను చాలామంది వైర్లు గుచ్చే పెట్టెగానే చూస్తారు. లోపల మాత్రం అది ఒక చిన్న కంప్యూటర్. ఫ్లాష్ మెమరీలో దాని ఆపరేటింగ్ సిస్టమ్ ఇమేజ్, కాన్ఫిగరేషన్ ఫైలు, లాగులు, క్రాష్ అయితే ఆ సమాచారం, ఎస్‌ఎస్‌హెచ్ తాళాలు ఉంటాయి. ప్రోకర్వ్ స్విచ్‌కు ఎస్‌ఎఫ్‌టీపీతో (ఎస్‌ఎస్‌హెచ్ మీద నడిచే ఫైలు బదిలీ పద్ధతి) కలిస్తే ఈ ఫైళ్లు సీఎఫ్‌జీ, లాగ్, ఓఎస్, ఎస్‌ఎస్‌హెచ్ వంటి పేర్లున్న ఫోల్డర్లుగా కనిపిస్తాయి. ఓఎస్ ఫోల్డర్‌లో ప్రైమరీ, సెకండరీ అని రెండు ఇమేజ్‌లు పక్కపక్కనే ఉంటాయి.

వీటిలో దొంగకు పనికొచ్చేది కాన్ఫిగ్ ఫైలు. ఏ వీలాన్ (నెట్‌వర్క్‌లో విడదీసిన భాగం) ఎక్కడికి వెళుతుంది, మేనేజ్‌మెంట్ చిరునామాలు ఏవి, లాగిన్‌లను సరిచూసే రేడియస్ సర్వర్ ఎక్కడ ఉంది అన్నది అందులో సాదా అక్షరాల్లో ఉంటుంది. చాలా చోట్ల ఎస్‌ఎన్‌ఎంపీ కమ్యూనిటీ పేర్లు (పరికరాలను దూరం నుంచి పర్యవేక్షించే సేవకు పాస్‌వర్డ్ లాంటివి) కూడా అందులోనే ఉంటాయి. సిస్కోలో ‘టైప్ 7’ పద్ధతిలో దాచిన పాస్‌వర్డ్ చూడటానికి గజిబిజిగా ఉన్నా, దాన్ని వెనక్కి విప్పడం ఎవరికైనా క్షణం పని. ఇమేజ్ విషయంలో ప్రమాదం ఇందుకు తిరగబడి ఉంటుంది: దాన్ని దొంగిలిస్తే నష్టం తక్కువ, దాని స్థానంలో వేరొకటి పెట్టగలిగితే స్విచ్ మొత్తం చేజారినట్టే. కాబట్టి ఫైలు బదిలీ సేవ గురించి అడగవలసిన మొదటి ప్రశ్న, అది ఫైలును ఏ వైపుకు నడిపిస్తోంది అన్నది.

క్లయింటా, సర్వరా: గందరగోళం మొదలయ్యేది ఇక్కడే

ఒకే స్విచ్ రెండు పాత్రలు వేయగలదు. మీరు స్విచ్ కన్సోల్‌లో కూర్చుని ‘ఫలానా చిరునామా నుంచి ఈ ఇమేజ్ తెచ్చుకో’ అని చెబితే స్విచ్ క్లయింటు, మీ ల్యాప్‌టాప్‌లో నడిచే టీఎఫ్‌టీపీ ప్రోగ్రాము సర్వరు. మీరు ల్యాప్‌టాప్‌లో కూర్చుని స్విచ్ చిరునామా ఇచ్చి ‘నీ కాన్ఫిగ్ ఇవ్వు’ అని అడిగితే స్విచ్ సర్వరు. మొదటి సందర్భంలో సంభాషణ మొదలుపెట్టేది స్విచ్. రెండో సందర్భంలో బయట ఎవరైనా మొదలుపెట్టవచ్చు.

ప్రోకర్వ్ స్విచ్‌లలో ఈ రెండింటికీ వేర్వేరు మీటలు ఉన్నాయి: ‘నో టీఎఫ్‌టీపీ క్లయింట్’, ‘నో టీఎఫ్‌టీపీ సర్వర్’. కొత్త స్విచ్ పెట్టెలోంచి తీసినప్పుడు రెండూ తెరిచే ఉంటాయి. భద్రత కోసమని క్లయింటును మాత్రం ఆపి, సర్వరును అలాగే వదిలేసిన నిర్వాహకుడు తనకు రోజూ పనికొచ్చేదాన్ని మూసి, బయటివాడికి పనికొచ్చేదాన్ని తెరిచి ఉంచినట్టు. నా లెక్కలో ఇది టీఎఫ్‌టీపీని అసలు ముట్టుకోకపోవడం కంటే చెడ్డది, ఎందుకంటే పని పూర్తయిందన్న భ్రమ కూడా మిగులుతుంది.

మూడోది ఆటో-టీఎఫ్‌టీపీ. దానికి ఒక సర్వర్ చిరునామా, ఒక ఫైలు పేరు ఇచ్చి ఉంచితే, స్విచ్ మొదలైనప్పుడు ఆ ఫైలును తెచ్చి ప్రైమరీ ఫ్లాష్‌లో రాసుకుని, దానితో మళ్లీ మొదలవుతుంది; ఇప్పటికే ఉన్న వెర్షనే అయితే ఊరుకుంటుంది. పేరు చూస్తే ఇది క్లయింటులో ఒక భాగమనిపిస్తుంది. కానీ టీఎఫ్‌టీపీ క్లయింటు తెరిచి ఉందా, మూసి ఉందా అన్నదానితో దీనికి సంబంధం లేదు. ‘నో టీఎఫ్‌టీపీ క్లయింట్’ అని కొట్టిన తరువాత కూడా పాత ఆటో-టీఎఫ్‌టీపీ వరుస కాన్ఫిగ్‌లో మిగిలి ఉంటే, తరువాతి రీబూట్‌లో అది తన పని తాను చేసుకుపోతుంది. దాన్ని విడిగా ‘నో ఆటో-టీఎఫ్‌టీపీ’ అని తొలగించాలి, లేదా మొదట చెప్పిన ఎస్‌ఎస్‌హెచ్ కమాండు కొట్టాలి.

టీఎఫ్‌టీపీ అంత చిన్నగా ఎందుకుంది

టీఎఫ్‌టీపీ పేరులోని మొదటి అక్షరానికి ‘అల్పమైన’ అని అర్థం. 1981లో ఆర్‌ఎఫ్‌సీ (ఇంటర్నెట్ ప్రమాణాలను ప్రకటించే పత్రం) 783గా, సవరించిన రూపంలో 1992లో ఆర్‌ఎఫ్‌సీ 1350గా వచ్చిన ఈ ప్రమాణంలో యూజర్ పేరు లేదు, పాస్‌వర్డ్ లేదు, ఫోల్డర్‌లో ఏముందో చూపే వీలు కూడా లేదు. చదవమనో, రాయమనో అడగడం ఒక్కటే ఉంది. ముందుగా కనెక్షన్ ఏర్పరచని తేలికపాటి పద్ధతి యూడీపీ మీద నడుస్తుంది కనుక దీన్ని ఒక చిన్న బూట్ రామ్‌లో (ROM, యంత్రం మొదలవగానే నడిచే చిప్) ఇమిడ్చవచ్చు. డిస్కులు లేని యంత్రాలు నెట్‌వర్క్ మీదుగా బూట్ కావడానికి, ఆఫీసు ఐపీ ఫోన్లు తమ సెట్టింగులు తెచ్చుకోవడానికి ఇదే నేటికీ పనికొస్తోంది.

దీని నడక చూస్తే గుణమూ దోషమూ రెండూ తెలుస్తాయి. అసలు ప్రమాణం ప్రకారం ఫైలును 512 బైట్ల ముక్కలు చేస్తారు. ఒక ముక్క పంపి, అది అందిందన్న రసీదు వచ్చేదాకా ఆగి, తరువాతి ముక్క పంపుతారు. 512 కంటే చిన్న ముక్క వస్తే ఫైలు అయిపోయినట్టు లెక్క. ఫైలు సైజు 512తో నిశ్శేషంగా భాగించబడితే చివర ఒక ఖాళీ ముక్కను పంపాలి.

ఇప్పుడు 16 ఎంబీ ఇమేజ్ ఒకటి తీసుకుందాం. అది 32,768 ముక్కలవుతుంది. ల్యాప్‌టాప్, స్విచ్ ఒకే గదిలో ఉండి ముక్క వెళ్లి రసీదు రావడానికి 1 మిల్లీసెకను పడితే మొత్తం 33 సెకన్ల పని. అదే సర్వరు హైదరాబాద్ ప్రధాన కార్యాలయంలో, స్విచ్ శ్రీకాకుళం శాఖలో ఉండి, రానుపోను 20 మిల్లీసెకన్లు పడుతుందనుకుంటే 655 సెకన్లు, అంటే దాదాపు 11 నిమిషాలు. లింకు వేగాన్ని పదింతలు పెంచినా ఈ సంఖ్య పెద్దగా తగ్గదు, ఎందుకంటే కాలమంతా రసీదు కోసం ఎదురుచూడటంలోనే పోతోంది. ‘లీజ్డ్ లైన్ అప్‌గ్రేడ్ చేశాం, అయినా స్విచ్ అప్‌డేట్ నత్తనడకే’ అనే ఫిర్యాదుకు తరచుగా కారణం ఇదే. ముక్క సైజును పెంచుకునే వీలును 1998లో ఆర్‌ఎఫ్‌సీ 2348 చేర్చింది గానీ, దానికి రెండు వైపులా ఒప్పుకోవాలి.

ఇంకో పరిమితి ముక్కల వరుస సంఖ్యలో ఉంది. దానికి 16 బిట్లే కేటాయించారు కనుక 65,535 దాటదు. 512తో గుణిస్తే 32 ఎంబీకి కాస్త తక్కువ. కొన్ని ప్రోగ్రాములు సంఖ్యను మళ్లీ మొదటికి తిప్పి పెద్ద ఫైళ్లను కూడా పంపుతాయి, కొన్ని సరిగ్గా అక్కడే ఆగిపోతాయి.

ఫైర్‌వాల్ దగ్గర మరో తిరకాసు. టీఎఫ్‌టీపీకి పోర్ట్ 69 అని అందరికీ తెలుసు. కానీ ఆ పోర్టుకు వెళ్లేది మొదటి అభ్యర్థన ఒక్కటే. జవాబు సర్వరులోని మరేదో పోర్టు నుంచి వస్తుంది, మిగతా సంభాషణంతా అక్కడే నడుస్తుంది. 69ని మాత్రమే అనుమతించిన సాదా ఏసీఎల్ (అనుమతుల జాబితా) ఉన్నచోట అభ్యర్థన వెళుతుంది, ఫైలు మాత్రం రాదు. నిర్వాహకుడు సేవ ఆగి ఉందేమోనని స్విచ్ కాన్ఫిగ్‌లో గంటసేపు వెతుకుతాడు.

ఎఫ్‌టీపీ, ఎస్‌సీపీ, ఎస్‌ఎఫ్‌టీపీ

ఎఫ్‌టీపీ వీటన్నిటికీ పెద్దన్న. దాని మొదటి రూపాన్ని 1971 ఏప్రిల్‌లో ఆర్‌ఎఫ్‌సీ 114గా రాసినది కాన్పూర్ ఐఐటీలో చదివి ఎంఐటీకి వెళ్లిన అభయ్ భూషణ్. ఇందులో పాస్‌వర్డ్ ఉంది గానీ అది తీగ మీద తెరిచిన ఉత్తరంలా వెళుతుంది. సిస్కో పరికరాల ఆపరేటింగ్ సిస్టమ్ ఐఓఎస్‌లో ఒకప్పుడు ఎఫ్‌టీపీ సర్వర్ ఉండేది. 2007 మేలో దానిలో తీవ్రమైన లోపాలు బయటపడినప్పుడు, కంపెనీ వాటిని సరిదిద్దే బదులు ఆ సర్వర్‌నే తీసివేసింది.

1995లో ఫిన్లాండ్‌లో టాటు యూలొనెన్ రూపొందించిన ఎస్‌ఎస్‌హెచ్ ఈ చిక్కును వేరే దారిలో విడదీసింది. మొత్తం సంభాషణను గుప్తీకరించి, దాని లోపల ఫైళ్లను నడిపించడమే ఆ దారి. ఎస్‌సీపీ, ఎస్‌ఎఫ్‌టీపీ రెండూ దీని మీదే, పోర్ట్ 22లోనే నడుస్తాయి. వాడేవారికి రెండూ ఒకటే అనిపించినా లోపలి భాష వేరు: ఎస్‌సీపీ ఒక ఫైలును కాపీ చేసే పాత పద్ధతి, ఎస్‌ఎఫ్‌టీపీ ఫోల్డర్లు చూడటం, పేర్లు మార్చడం వంటివి కూడా తెలిసిన పూర్తి ప్రోటోకాల్. ఒక స్విచ్ వీటిలో ఒకటే తెలిసినది కావచ్చు. ప్రోకర్వ్‌లో ఒకే కమాండు రెండింటినీ తెరుస్తుంది. సిస్కో ఐఓఎస్‌లో ‘ఐపీ ఎస్‌సీపీ సర్వర్ ఎనేబుల్’ అన్నది ఎస్‌సీపీకి మాత్రమే, అదీ ఏఏఏ అనుమతులు (ఎవరు లాగిన్ కావచ్చు, ఏం చేయవచ్చు అన్న నియమాలు) సరిగ్గా అమర్చి ఉంటేనే పనిచేస్తుంది. సిస్కోవే అయిన నెక్సస్ స్విచ్‌లలో ‘ఫీచర్ ఎస్‌సీపీ-సర్వర్’, ‘ఫీచర్ ఎస్‌ఎఫ్‌టీపీ-సర్వర్’ అని రెండు వేర్వేరు కమాండ్లు ఉన్నాయి.

ఒక కళాశాల స్విచ్‌లో ఏం జరుగుతుందో చూద్దాం

ఒక ఇంజనీరింగ్ కళాశాలలో నలభై ప్రోకర్వ్ స్విచ్‌లు ఉన్నాయనుకుందాం. ప్రతి రాత్రి రెండు గంటలకు ఒక సర్వర్ ఆ నలభైని టీఎఫ్‌టీపీతో పలకరించి రన్నింగ్ కాన్ఫిగ్ తెచ్చుకుంటుంది. తనిఖీకి వచ్చినవారు టీఎఫ్‌టీపీ వద్దన్నారు. నిర్వాహకుడు ఎస్‌ఎస్‌హెచ్ తాళాలు తయారుచేసి, ఎస్‌ఎస్‌హెచ్ మొదలుపెట్టి, నలభైలోనూ ‘ఐపీ ఎస్‌ఎస్‌హెచ్ ఫైల్‌ట్రాన్స్‌ఫర్’ కొట్టాడు. ఆ రాత్రి బ్యాకప్ ఒక్కటీ రాలేదు; స్క్రిప్టు ఇంకా టీఎఫ్‌టీపీతోనే అడుగుతోంది, ఇప్పుడు ఆ సర్వర్ లేదు.

పొద్దున్నే కంగారుపడి ‘టీఎఫ్‌టీపీ సర్వర్’ అని కొట్టి తిరిగి తెరవబోయాడు. ముందు ఎస్‌ఎఫ్‌టీపీని ఆపితే తప్ప టీఎఫ్‌టీపీని తెరవనని స్విచ్ మొండికేసింది. సరే, ‘నో ఐపీ ఎస్‌ఎస్‌హెచ్ ఫైల్‌ట్రాన్స్‌ఫర్’ కొట్టాడు. అయినా టీఎఫ్‌టీపీ రాలేదు. ఇక్కడే చాలామంది పొరబడతారు: ఎస్‌ఎఫ్‌టీపీని తెరిస్తే టీఎఫ్‌టీపీ దానంతట అదే మూసుకుంటుంది గానీ, ఎస్‌ఎఫ్‌టీపీని మూస్తే టీఎఫ్‌టీపీ దానంతట అదే తెరుచుకోదు. దాన్ని మళ్లీ పేరుపెట్టి పిలవాలి. తయారీదారు ఈ వరుసను ఇలా ఎందుకు పెట్టాడో ఊహించడం కష్టం కాదు. సురక్షితమైన పద్ధతి వైపు ఒక్క అడుగులో వెళ్లాలి, వెనక్కి రావాలంటే రెండు అడుగులు వేయాలి.

చివరికి అతను స్క్రిప్టును ఎస్‌ఎఫ్‌టీపీకి మార్చాడు. రెండో చిక్కు అప్పుడు ఎదురైంది. ఈ స్విచ్ ఒక సమయంలో ఒకే ఎస్‌సీపీ లేదా ఎస్‌ఎఫ్‌టీపీ సెషన్‌ను ఒప్పుకుంటుంది. ఎవరో ఒక విన్‌ఎస్‌సీపీ (ఫైలు బదిలీ ప్రోగ్రాము) కిటికీని ఏదో స్విచ్‌కు కలిపి అలాగే వదిలి ఇంటికి వెళితే, ఆ రాత్రి ఆ ఒక్క స్విచ్ బ్యాకప్ మాత్రం రాదు. ముప్పైతొమ్మిది వచ్చి ఒకటి రాకపోతే, ఆ ఒక్కటి పాడైందనే అందరూ అనుకుంటారు.

సిస్కో స్మార్ట్ ఇన్‌స్టాల్: సర్వర్ లేకపోయినా ఫైలు పోయిన వైనం

సిస్కో ఐఓఎస్‌లో పరిస్థితి పైకి ప్రశాంతంగా కనిపిస్తుంది. ‘టీఎఫ్‌టీపీ-సర్వర్’ అని ఫైలు పేరుతో సహా రాస్తే తప్ప ఆ స్విచ్ టీఎఫ్‌టీపీ సర్వర్ కాదు. కాబట్టి కాన్ఫిగ్‌లో ఆ వరుస లేదు, మనం క్షేమం అనుకునేవారు. కానీ కొత్త స్విచ్‌ను తీగ గుచ్చగానే తనంతట తాను సిద్ధం చేయడానికి ఉద్దేశించిన స్మార్ట్ ఇన్‌స్టాల్ అనే సదుపాయం అనేక మోడళ్లలో మొదటి నుంచే తెరిచి ఉండేది. టీసీపీ పోర్ట్ 4786లో వినే ఆ సేవ, ఆజ్ఞ ఇచ్చేది ఎవరని అడగదు. బయటివాడు దానికి ఒక సందేశం పంపి ‘నీ స్టార్టప్ కాన్ఫిగ్‌ను ఈ చిరునామాకు టీఎఫ్‌టీపీలో పంపు’ అంటే స్విచ్ పంపుతుంది. ఇక్కడ స్విచ్ సర్వరు కాదు, చెప్పుచేతల్లో ఉన్న క్లయింటు.

2017లో సిస్కో దీన్ని లోపం కాదు, సదుపాయాన్ని దుర్వినియోగం చేయడం అని చెప్పింది. 2018 మార్చి 28న మాత్రం సీవీఈ-2018-0171 (భద్రతా లోపాలకు ఇచ్చే వరుస సంఖ్య) పేరుతో అదే సేవలో నిజమైన లోపం ఒకటి బయటపెట్టి, దిద్దుబాటు ఇచ్చింది. ఆ తరువాత పదిరోజులు తిరగకముందే, ఏప్రిల్ 6న, ఇరాన్‌లోనూ మరికొన్ని దేశాల్లోనూ స్విచ్‌ల కాన్ఫిగ్‌లు చెరిగిపోయి, వాటి స్థానంలో అమెరికా జెండా బొమ్మ, ‘మా ఎన్నికల జోలికి రావద్దు’ అన్న మాట కనిపించాయి. ప్రపంచవ్యాప్తంగా 2 లక్షల పరికరాలు, తమ దేశంలో 3,500 దెబ్బతిన్నాయని ఇరాన్ మంత్రిత్వ శాఖ ప్రకటించింది. మందు చిన్నదే: ‘నో వీస్టాక్’ అన్న రెండు మాటలు. ఆ రెండు మాటలు రాయని పరికరాల గురించే 2025 నాటి హెచ్చరిక.

పూర్తిగా మూసేయాలనేవారి వాదన, వద్దనేవారి వాదన

టీఎఫ్‌టీపీని రెండు పాత్రల్లోనూ శాశ్వతంగా మూసేయాలనేవారి మాట సూటిగా ఉంటుంది. గుర్తింపు అడగని సేవ ఏదైనా సరే, లోపలి నెట్‌వర్క్‌లోనైనా సరే, ఒక ల్యాప్‌టాప్‌కు వైరస్ సోకిన రోజున బయటి సేవగానే మారుతుంది. మేనేజ్‌మెంట్ వీలాన్ ఉందిగా అన్న భరోసా, ఆ వీలాన్‌లోకి ఒక తప్పు పోర్టు చేరేదాకానే.

వద్దనేవారు కూడా తేలికగా మాట్లాడటం లేదు. ఇమేజ్ పాడై బూట్ రామ్ దగ్గర ఆగిపోయిన స్విచ్‌కు ఎస్‌ఎస్‌హెచ్ తెలియదు. అనేక మోడళ్లలో అక్కడ దిక్కు టీఎఫ్‌టీపీయో, కన్సోల్ కేబుల్ మీద గంటల తరబడి నడిచే పాత బదిలీ పద్ధతి ఎక్స్‌మోడెమో. దీనికి మొదటి పక్షం జవాబు సరైనదే: బూట్ రామ్‌లోని టీఎఫ్‌టీపీకి, నడుస్తున్న ఆపరేటింగ్ సిస్టమ్‌లోని టీఎఫ్‌టీపీకి సంబంధం లేదు, దీన్ని మూసినా అది ఉంటుంది. అయితే రెండో పక్షానికి ఇంకో బలమైన మాట ఉంది. ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్‌ను తెరవడం కూడా ఒక సేవను తెరవడమే. పాత ఫర్మ్‌వేర్‌లోని పాత ఎస్‌ఎస్‌హెచ్‌కు తనవైన బలహీనతలు ఉంటాయి. స్విచ్‌లో ఏ సర్వర్‌నూ తెరవకుండా, అవసరమైనప్పుడు స్విచ్ క్లయింటుగా వెళ్లి తెచ్చుకోవడమే మేలని వీరి అభిప్రాయం. నాకు ఈ వాదన ఇమేజ్‌ల విషయంలో నచ్చుతుంది, ప్రత్యేకించి స్విచ్ ఇమేజ్ సంతకాన్ని తానే సరిచూసుకునేదైతే. కాన్ఫిగ్‌ను టీఎఫ్‌టీపీలో బయటికి పంపడానికి మాత్రం నచ్చదు, సాదా అక్షరాల్లో వెళ్లే ఆ ఫైలుకు స్విచ్ ఏ పాత్రలో ఉందన్నది అనవసరం.

మధ్యేమార్గంగా చిరునామా ఆంక్ష వాడేవారున్నారు. ప్రోకర్వ్‌లో ‘ఐపీ ఆథరైజ్డ్-మేనేజర్స్’ జాబితాలో ఉన్న యంత్రానికే మేనేజ్‌మెంట్ సేవలు అందేలా చేయవచ్చు. యూడీపీలో చిరునామాను నకిలీ చేయడం సులభం. నకిలీ చిరునామాతో అడిగినా జవాబు అసలు చిరునామాకే వెళుతుంది కనుక, పరుల చేతికి ఫైలు చేరకుండా ఇది చాలావరకు ఆపగలదు గానీ, రాసే అభ్యర్థనల విషయంలో అంతే గట్టిదని చెప్పలేం.

ల్యాప్‌టాప్ మారితే స్విచ్ పాడైనట్టు కనిపించడం

ల్యాప్‌టాప్ వైపు వాడే ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రాము ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో, 2022 ఏప్రిల్‌లో వచ్చిన 9.0 వెర్షన్ నుంచి ‘ఎస్‌సీపీ’ అనే కమాండు లోపల ఎస్‌ఎఫ్‌టీపీ భాషే మాట్లాడుతోంది. నిన్నటిదాకా ఎస్‌సీపీతో ఫైలు తీసుకున్న సిస్కో స్విచ్ ఈరోజు సబ్‌సిస్టమ్ అభ్యర్థన విఫలమైందంటుంది, ఎందుకంటే దానిలో ఎస్‌ఎఫ్‌టీపీ సర్వర్ లేదు. కమాండుకు హైఫన్‌తో పెద్ద ‘ఓ’ అక్షరం చేరిస్తే పాత భాషకు తిరిగి వెళుతుంది. అంతకుముందు 2021లో వచ్చిన 8.8 వెర్షన్, షా-1 అనే పాత గణిత పద్ధతితో చేసే ఆర్‌ఎస్‌ఏ డిజిటల్ సంతకాలను ఒప్పుకోవడం మానేసింది. పాత స్విచ్‌లకు తెలిసింది అదొక్కటే. ఈ రెండు చోట్లా స్విచ్‌లో సేవ తెరిచే ఉంది, ఎవరూ దాన్ని ఆపలేదు.

ఆపామని ఎలా తెలుసుకోవాలి

ప్రోకర్వ్‌లో కొట్టిన కమాండు ముందు రన్నింగ్ కాన్ఫిగ్‌లోకి వెళుతుంది. ‘రైట్ మెమరీ’ కొట్టకముందే కరెంటు పోయి వస్తే స్విచ్ పాత స్థితిలోనే లేస్తుంది, అంటే టీఎఫ్‌టీపీ మళ్లీ తెరిచి ఉంటుంది. ఫ్యాక్టరీ రీసెట్ చేసినా, పాడైన స్విచ్ స్థానంలో కొత్తది పెట్టినా అంతే.

పైగా కాన్ఫిగ్ ఫైలు తయారీదారు పెట్టిన మామూలు స్థితిని రాసి చూపించదు, దానికి భిన్నంగా మనం మార్చినదాన్నే చూపిస్తుంది. టీఎఫ్‌టీపీ సర్వర్ మూసి ఉన్న స్విచ్‌లో ‘నో టీఎఫ్‌టీపీ సర్వర్’ అన్న వరుస కనిపిస్తుంది. తెరిచి ఉన్న స్విచ్‌లో ఆ మాటే ఉండదు. నలభై కాన్ఫిగ్‌లలో ‘టీఎఫ్‌టీపీ’ అని వెతికి, ఆ పదం దొరికిన స్విచ్‌లను అనుమానితులుగా జాబితా రాసుకున్న తనిఖీదారు సరిగ్గా మూసి ఉన్నవాటి జాబితా రాసుకుంటాడు.